‘ఇంట్లోనే చేసుకోవచ్చు గదా!’ సరే, ఎవరు చేయాలి?

పోయిన నెలలో ఒక ఆదివారం మధ్యాహ్నం మా అత్త ఆరు దోసెలు తినింది. అరవై ఎనిమిదేళ్ల మనిషి. ఇంట్లో రెండు దాటి తినగా నేనెప్పుడూ చూడలేదు. ఆరోది అయ్యాక చెయ్యి కడుక్కోవడానికి లేవకుండా కాసేపు అట్లనే కూర్చుని, "ఏడేడిగా దోసె తిని ఎన్నేండ్లయిందో మే" అనింది. నాతో అన్నట్టు లేదు, తనలో తాను అనుకున్నట్టు ఉంది.

ఇరవై ఏళ్లుగా నేను ఆమె కోడలిని. ఆమెకు రెండు దోసెలే చాలని ఇన్నేళ్లూ నమ్మాను. కుప్పంలో ఆమె ఇంట్లో ఆమే పెనం ముందు నిలబడుతుంది. మదనపల్లెలో మా ఇంటికొస్తే నేను పోస్తుంటే పక్కన నిలబడి చట్నీ అందిస్తుంది, నాతోపాటు ఆఖర్న తింటుంది. అప్పటికి మిగిలేవి చల్లారి మెత్తబడిన రెండో మూడో. ఆమె తినేది ఆ లెక్కే. దాన్ని మేమంతా ఆమె ఆకలి అనుకున్నాం.

జరిగిందేమిటంటే, మదనపల్లె దాటి బెంగళూరు వైపు పోయే రోడ్డులో పల్లెటూరి ఇల్లు థీమ్‌తో ఒక హోటల్ పెట్టారు. పేరు చెప్పను, పొగడ్తకూ వద్దు, తిట్టుకూ వద్దు. ఆదివారం పన్నెండు నుంచి మూడు వరకు ‘తిన్నన్ని దోసెలు’, మనిషికి 249 రూపాయలు. ఆ రోజు కుప్పం నుంచి అత్త వస్తోంది. పలమనేరు మీదుగా వచ్చే ఆ బస్సులోనే పుంగనూరులో మా అమ్మ కూడా ఎక్కింది. ఇద్దరు పెద్దవాళ్లు, మా ఆయన, ఇంటర్ చదివే కొడుకు, ఎనిమిదో తరగతి కూతురు, నేను. ఆరుగురం పోయాం.

లోపల గడ్డి కప్పు, ఎద్దులబండి చక్రం, గోడకు ముగ్గులు. వాకిట్లో రుబ్బురోలు పెట్టి అందులో ప్లాస్టిక్ పూలు వేశారు. పక్కన తిరగలి, రోకలి. జనం వాటి పక్కన నిలబడి సెల్ఫీలు దిగుతున్నారు. మా అమ్మ ఆ రోలును ముట్టుకుని చూసింది. పుంగనూరులో మా అవ్వ కాలంలో దోసె అంటే పండగ, మిగతా రోజులు రాగిసంగటే. పండగ ముందు రోజు సాయంత్రం అవ్వ రోటి ముందు కూర్చుంటే లేచేసరికి చీకటి పడేది, భుజం మూడు రోజులు నొప్పి అనేది. ఆ నొప్పి ఇక్కడ అలంకారం అయింది. పైన బోర్డు మీద ‘అమ్మ చేతి వంట’ అని రాశారు.

గోడల నిండా మన ప్రాంతం గొప్పలు. హార్స్‌లీ హిల్స్, మదనపల్లె టమోటా, పొట్టి పుంగనూరు ఆవు, ఠాగూర్. 1919లో ఠాగూర్ మా ఊరి బీటీ కాలేజీకి వచ్చి జనగణమనను ఇంగ్లీషులోకి మార్చిన సంగతి ఇక్కడ పిల్లలందరికీ తెలుసు. ఆ రోజుల్లో ఆ పాట స్వరాలు రాసిపెట్టిన మార్గరెట్ కజిన్స్ బొమ్మ మాత్రం ఆ గోడ మీద లేదు. కాలేజీ ప్రిన్సిపాల్ భార్య అని చెప్పి ఊరుకుంటారు. ఆమె 1917లో ఆడవాళ్ల హక్కుల కోసం విమెన్స్ ఇండియన్ అసోసియేషన్ మొదలుపెట్టిన వాళ్లలో ఒకరు. పని చేసిన ఆడదాని పేరు గోడ ఎక్కదు, ఆమె వాడిన రోలు మాత్రం వాకిట్లోకి వస్తుంది.

సరే, కూర్చున్నాం. ఉత్త దోసె, ఎర్రకారం దోసె, ఉల్లిదోసె, రాగిదోసె, ఏది కావాలంటే అది, ఒకదాని వెనక ఒకటి. చెనిగ్గింజల చట్నీ, టమోటా ఊరిబిండి, పప్పులపొడి. మా అమ్మకు కుదురుగా కూర్చోవడం చేతకాలేదు. మూడుసార్లు లేచింది. ఒకసారి మనవడికి చట్నీ తేవడానికి, ఒకసారి నీళ్ల కోసం, ఒకసారి ఊరికే. "ఎందుకవ్వా లేస్తావు? ఇక్కడ వాళ్లే తెస్తారు గదా" అనింది నా కూతురు. అమ్మ నవ్వి కూర్చుంది. కూర్చున్నాక చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు ఒళ్లో పెట్టుకుంది. వడ్డించే పిల్లోణ్ణి "నువ్వు తిన్నావా నాయనా?" అని అడిగింది.

అమ్మ రెండు తిని చాలనింది. మా ఆయన వదల్లేదు. "ఇంగొకటి తినండి అత్తా, 249 ఇచ్చినాం గదా, రెండుకే వదిలేస్తే ఎట్ల?" పక్క టేబుల్లో ఇద్దరు అన్నదమ్ములు పందెం వేసుకుని తొమ్మిదేసి చెప్పించుకుని సగం సగం వదిలేశారు. తిన్నన్ని అనే మాటలో ఉన్న రోగం ఇది. ఆకలి పోయి డబ్బు తింటుంది. ఈ విషయంలో ఆ హోటల్ వైపు నేను మాట్లాడను. కానీ నా గొడవ హోటల్‌తో కాదు.

కారులో తిరిగి వస్తుంటే మా ఆయన లెక్క కట్టాడు. "1,494 రూపాయలు. దోసెలకు! ఇంట్లోనే చేసుకోవచ్చు గదా. ఇదే డబ్బుతో నెలంతా తినొచ్చు."

అక్కలూ, చెల్లెళ్లూ, ఈ వాక్యం మీ ఇంట్లో వినపడని నెల ఉందా? నేను పెళ్లయినప్పటి నుంచి వింటున్నాను. ఈసారి మాత్రం వ్యాకరణం చూశాను. ‘ఇంట్లోనే చేసుకోవచ్చు.’ మన భాషలో కర్తను చెప్పకుండా వాక్యం నడిపేయొచ్చు. నేను, నువ్వు, మనం, ఎవరూ అక్కర్లేదు. ‘చేసుకోవచ్చు’ అంటే చాలు, దోసె దానంతటదే అయిపోతుంది. ఆ వాక్యంలో కనపడని కర్త అమ్మ, అత్త, నేను. రేపు నా కూతురు. ఆ ఖాళీని పూరించి చదవండి: ‘నువ్వు ఇంట్లోనే చేయొచ్చు గదా, మేము తింటాం.’ ఇట్ల అనడానికి ఏ మొగుడికైనా కాస్త నోరు తడబడుతుంది. అందుకే కర్త లేకుండా అంటారు.

ఇప్పుడు నా లెక్క వినండి. ఆదివారం పొద్దున దోసె కావాలంటే శనివారం పొద్దున గుర్తుండాలి. బియ్యం, మినప్పప్పు, కాసిన్ని మెంతులు నానబెట్టాలి. నాలుగైదు గంటల తర్వాత రుబ్బాలి. గ్రైండర్ తిరుగుతుంది నిజమే, దాన్ని పక్కనుండి చూసుకునేది, పిండి తీసేది, రాళ్లూ గిన్నే కడిగేది గ్రైండర్ కాదు. రాత్రంతా పులవాలి. డిసెంబర్లో మదనపల్లె చలికి అది పులవకపోతే తప్పు నాదే. పొద్దున చెనిగ్గింజలు వేయించాలి, పొట్టు తీయాలి, ఊరిబిండికి టమోటాలు కాల్చాలి. ఆరుగురికి ఐదేసి అంటే ముప్ఫై దోసెలు. ఒక్కోదానికి రెండున్నర నిమిషాలు వేసుకున్నా పెనం ముందు గంటా పావు. ఇందులో ‘ఇంకొకటి’ ‘ఇంకాస్త ఎర్రగా’ ‘నాకు ఉల్లిగడ్డలు లేకుండా’ కలపలేదు. తర్వాత గిన్నెలు.

‘తిన్నన్ని దోసెలు’ అనే బోర్డు ఆ హోటల్ పోయిన ఏడాది పెట్టింది. మన ఇళ్లలో అది పెళ్లయిన మర్నాటి నుంచి ఉంది. మనిషికి 249 కూడా లేదు, మూడింటికి మూసేదీ లేదు.

మా ఆయన లెక్కలో బియ్యం ఉంది, పప్పు ఉంది, గ్యాస్ ఉంది. మనిషి లేదు. హోటల్ లెక్కలో మనిషి ఉన్నాడు, అందుకే అక్కడ దోసె ఖరీదు. ఇంట్లో దోసె చవక ఎందుకంటే పోసే మనిషికి జీతం లేదు కాబట్టి.

ఇది నా ఒక్కదాని ఏడుపు కాదు. 2024లో కేంద్ర ప్రభుత్వం దేశమంతా చేసిన టైమ్ యూజ్ సర్వే ఉంది, ఎవరు రోజులో ఏ పనికి ఎంతసేపు పెడుతున్నారో అడిగి రాసింది. జీతం లేని ఇంటిపనులు చేస్తున్న ఆడవాళ్లు వాటికి రోజుకు సగటున 289 నిమిషాలు పెడుతున్నారు. అంటే నాలుగు గంటల 49 నిమిషాలు. ఆ పనులు చేసే మగవాళ్లు 88 నిమిషాలు. ఇంకో సంగతి, అసలు అలాంటి పని ముట్టుకునే మగవాళ్లే నూటికి 27 మంది. ఆడవాళ్లు 81 మంది. ఆదివారం సెలవు అనే మాట ఎవరి కోసం పుట్టిందో ఈ అంకెలు చూస్తే తెలుస్తుంది.

మన పనికి విలువ కట్టలేం, అది ప్రేమ అంటారు. కడతారండీ, కోర్టులు కట్టాయి. ఎప్పుడు కట్టాయో చూడండి. 1989లో జంషెడ్‌పూర్‌లో ఒక వేడుకలో అగ్నిప్రమాదం జరిగి చాలామంది చనిపోయారు. ఆ కేసులో, లతా వాధ్వా కేసు అంటారు, 2001లో సుప్రీంకోర్టు 34 నుంచి 59 ఏళ్ల మధ్య గృహిణుల సేవలకు నెలకు 3,000 రూపాయలు లెక్కగట్టి నష్టపరిహారం ఇమ్మంది. 2021 జనవరిలో ఇంకో కేసు, రోడ్డు ప్రమాదంలో చనిపోయిన భార్యాభర్తలది. అందులో మన తెలుగువాడైన జస్టిస్ ఎన్.వి.రమణ విడిగా తీర్పు రాస్తూ 2011 జనాభా లెక్కలు ఎత్తి చూపారు. ఇంటిపనే మా పని అని చెప్పిన ఆడవాళ్లు దాదాపు 16 కోట్లు, మగవాళ్లు 58 లక్షల లోపు. గృహిణికి ఆదాయం లేదనుకోవడం తప్పు, దాన్ని లెక్కగట్టాల్సిందే అన్నారు. మంచి తీర్పులే. కానీ రెండు కేసుల్లోనూ ఆ ఇల్లాలు పోయాకే లెక్క వేశారు. బతికుండగా లెక్క వేయడానికి కోర్టు అక్కర్లేదు, తినేవాళ్లు వేయొచ్చు.

ఇక నాకొచ్చే ఎదురుమాటలు నాకు తెలుసు. ‘డబ్బున్న వాళ్ల మాటలివి, నెలకోసారి పదిహేను వందలు ఎక్కడ తెచ్చేది?’ నిజం. మా ఇంట్లోనూ ప్రతి ఆదివారం కుదరదు. ‘బయట నూనె మంచిది కాదు.’ అదీ నిజం కావచ్చు. అందుకే అందరూ హోటల్‌కి పొండని నేను చెప్పడం లేదు. ఇంట్లోనే చేసుకుందాం. ‘చేసుకుందాం’లో అందరూ ఉండాలి, అంతే.

మూడో మాట మనవాళ్లే అంటారు, అది ఎక్కువ నొప్పి. ‘పిల్లలకు చేసిపెట్టడం భారమా? ఏం తల్లివి?’ నాకు పిల్లలకు దోసె పోయడం భారం కాదు. వాళ్లు తింటుంటే చూడటం ఇష్టం. కానీ ఇష్టమైన పని కూడా కూర్చుని వేడిగా తినే హక్కును తీసేయకూడదు. మా అత్త పిల్లలను ప్రేమించలేదా? నలభై ఏళ్లు ప్రేమించింది. ఆ ప్రేమ వల్ల ఆమె వేడి దోసె ఎట్లుంటుందో మర్చిపోవాలా?

ఆ రోజు చెయ్యి కడుక్కోవడానికి పోతూ వంటగది కిటికీ దగ్గర ఆగాను. దోసె మాస్టర్ పొడుగాటి ఇనుపపెనం మీద ఒకేసారి ఎనిమిది పోస్తున్నాడు, చెమటతో చొక్కా తడిసిపోయింది. "మూడు దాకా మీరొక్కరేనా అన్నా?" అని అడిగాను. "లేదక్కా, గంటకోసారి మారతాం. లేకుంటే నడుం పోదా?" అన్నాడు. "మీ ఇంట్లో దోసెలు ఎవరు పోస్తారు?" అన్నాను. నవ్వాడు. "మా ఆమె. ఇంటికిపోయినాక నేనేడ పోస్తా!"

గంటకోసారి మారతాం. ఆ ఒక్క మాట మన వంటింట్లో లేదు. ఎనిమిదేసి దోసెలు పోసే మొనగాడికి కూడా గంటకు నడుం పోతుందని యజమాని ఒప్పుకున్నాడు.

‘మగవాళ్లకు రాదు’ అనేది ఇంకో కథ. మా చెల్లెలు టెక్సాస్‌లో ఉంటుంది. ఈ ‘తిన్నన్ని’ ముచ్చట చెబితే, అక్కడా ఉందనింది. 1958లో మొదలైన ఐహాప్ అనే హోటళ్లలో అప్పుడప్పుడు ఎన్ని ప్యాన్‌కేకులైనా తినొచ్చనే ఆఫర్ పెడతారట. ప్యాన్‌కేక్ అంటే మన అట్టుకు తమ్ముడే, పిండి కలిపి పెనం మీద పోసేదే. మా మరిది శనివారాల్లో పిల్లలకు ప్యాన్‌కేకులు ఆయనే పోస్తాడట, ఫొటో తీసి పంపుతాడు, మేమంతా లైకులు కొడతాం. "మరి దోసెలు?" అన్నాను. "దోసె పోయడం ఆయనకు రాదు" అనింది. అదే చెయ్యి, అదే గరిటె, అదే గుండ్రం. పిండి పేరు మారితే చెయ్యి పనికి రాకుండా పోతుందా?

అక్కడి ఆడవాళ్లు కూడా పెనం నుంచి తప్పించుకోలేదులెండి. ఇంగ్లండులో ఓల్నీ అనే ఊళ్లో ఏటా ప్యాన్‌కేక్ పరుగుపందెం జరుగుతుంది. 1445లో ఒక ఇల్లాలు ప్యాన్‌కేకులు పోస్తూ చర్చి గంట విని, ఆలస్యమైందని పెనంతో సహా గుడికి పరుగెత్తిందని అక్కడ చెప్పుకుంటారు. ఇప్పటికీ ఆ ఊరి ఆడవాళ్లు ఆప్రాన్ కట్టుకుని, తలకు గుడ్డ చుట్టుకుని, చేతిలో పెనంతో పరుగెత్తుతారు. అందరూ ముచ్చటపడి చప్పట్లు కొడతారు. నాకు ఆ కథ విన్నప్పుడు ముచ్చట కలగలేదు. దేవుడి దగ్గరికి పరుగెత్తేటప్పుడు కూడా ఆ పెనం కాసేపు పట్టుకునే మనిషి ఆ ఇంట్లో లేకపోయాడే అనిపించింది.

కాబట్టి మా ఇంట్లో ఒక నియమం పెట్టాను. ఆదివారం దోసెలంటే పెనం చేతులు మారాలి. ఒకరు ఆరు పోయాలి, తర్వాతి వాళ్లు లేవాలి. దిగినవాళ్లు కూర్చుని తినాలి. నానబెట్టడం నేను, రుబ్బి కడగడం ఆయన, చట్నీ పిల్లలు. మొదటి ఆదివారం మా ఆయన పోసినవి మన రాష్ట్రం మ్యాపులాగా వచ్చాయి, తీరప్రాంతం పొడుగ్గా. కొడుకు రెండు మాడ్చాడు. కూతురు అన్నకంటే బాగా పోసింది, అప్పుడు నేనే ఒక తప్పు చేయబోయాను. ‘అది బాగా పోస్తోంది, దాన్నే పోయనీ’ అనబోయి నాలుక కరుచుకున్నాను. మనకు పని అంటగట్టింది ఆ మెచ్చుకోలే గదా.

అసలు గొడవ ఎవరి నుంచి వచ్చిందో చెబితే నవ్వుతారు. మా అత్త నుంచి. మనవడు పెనం దగ్గర నిలబడితే చూడలేకపోయింది. "మగపిల్లోడు పొయ్యి కాడ ఏంది మే, నేను లేనా?" అని లేవబోయింది. ఆరు దోసెలు తిన్న మనిషే! ఏడేడిగా తిని ఎన్నేండ్లయిందో అన్న నోరే! నాకు కోపం వచ్చింది, తర్వాత ఏడుపొచ్చింది. నలభై ఏళ్లు నిలబెట్టిన ఇంట్లో కూర్చోమంటే ఆమె కాళ్లు ఒప్పుకోవడం లేదు. కూర్చుంటే తన స్థానం పోతుందని భయమేమో. ఆమెను తప్పు పట్టలేను, పుంగనూరు నుంచి వచ్చి మూడుసార్లు లేచిన మా అమ్మనూ పట్టలేను. వాళ్లకు వేరే స్థానం ఇవ్వనిది మనమే.

"అత్తా, నువ్వు కూర్చో. ఇది హోటల్ అనుకో" అన్నాను. "హోటల్లో అయితే 249" అన్నాడు మనవడు. ఆమె నవ్వి కూర్చుంది. వాడు పోసిన మొదటి దోసె ఒకవైపు మందంగా, ఒకవైపు చిల్లులతో వచ్చింది. వేడిగా ఉంది. ఆమె తినింది. రెండోది అడగడానికి మొహమాటపడి ప్లేటు వైపు చూస్తూ కూర్చుంది. వాడు అడక్కుండానే వేశాడు.

మూడోది ఆమే అడిగింది.